గతకాలము మేలా, గతకాలమె మేలా?

ప్రశ్న:
మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని, భవిష్యత్తు నుంచి వచ్చే యంత్రాల కథ అయిన ‘టెర్మినేటర్: డార్క్ ఫేట్’ అనే ఆంగ్ల చిత్రం చూశాము. 1991లో వచ్చిన రెండవ భాగాన్ని గుండెల్లో పెట్టుకున్న మా తరం వారికి 2019 నాటి ఈ కొనసాగింపు బొత్తిగా రుచించలేదు. పిల్లలకు మాత్రం ఎంతో నచ్చింది. వాదన ముదిరిన వేళ మా మేనమామగారు “గతకాలమే మేలు వచ్చు కాలముకంటెన్” అనడంతో సినిమా సంగతి పక్కకుపోయి నా మనసు నన్నయగారి భారతంలోని ఆ పద్యం మీద పడింది. బడిలో మేము “గతకాలము” అని వల్లించినట్లు గుర్తు. “ఎండమావులట్టుల” అన్న ముక్క తప్ప పై పాదాలేవీ జ్ఞప్తికి రావడం లేదు. అక్కడ ఉన్నది ‘ము’ అనా, ‘మె’ అనా, ‘మే’ అనా? ఒక సినిమా రెండో భాగం కంటే ఆ తరువాతి భాగం తీసికట్టు అని చెప్పడానికి ఈ పాదం అసలు తగునా?

తణుకు నుంచి:
‘మే’ పొసగదు. పద్యం కందం, ప్రతి గణానికీ నాలుగు మాత్రలే ఉండాలి. “గతకా – లముమే – లువచ్చు – కాలము – కంటెన్” అని విడదీస్తే స, స, జ, భ, గగ గణాలు చక్కగా కుదురుతాయి. కందంలో మూడవ పాదం నుంచి లెక్కిస్తే వచ్చే ఆరవ గణం నలం (నాలుగు లఘువులు) గానీ జగణం గానీ కావాలన్న నియమాన్ని “లువచ్చు” తీరుస్తున్నది. ‘గ’కు ‘కా’తో యతి. “గతకాలమే” అని దీర్ఘం పలికితే రెండవ గణం “లమేమే” అవుతుంది. అది ఐదు మాత్రల యగణం కనుక దానికి కందంలో చోటు లేదు. ‘మె’ అని హ్రస్వంగా పలికితే మాత్రం ఛందస్సు అభ్యంతరం చెప్పదు. కనుక తగవు ‘ము’కూ ‘మె’కూ మధ్యనే. నా ఓటు ‘ము’కే. పై పాదాలు అడిగారు కనుక: “మతిఁ దలపఁగ సంసారం, బతిచంచల మెండమావులట్టుల, సంప,త్ప్రతతు లతిక్షణికంబులు”.

వరంగల్లు నుంచి:
మాస్టారు గణాలు చెప్పారు, సంతోషం. కానీ ప్రశ్నలోని రెండవ సగం మీద నాకు పట్టుదల ఉంది. ఇది పాత రోజులే బాగుండేవని నిట్టూర్చే వారి పద్యం కాదు. ఆదిపర్వం పంచమాశ్వాసంలో, పాండురాజు మరణించిన తరువాత, వ్యాసుడు తన తల్లి సత్యవతితో అంటున్న మాట. ముందు ఏమి జరగబోతున్నదో ఆయనకు తెలుసు. మనుమల సంతానం ఒకరినొకరు చంపుకోవడం ఆమె కళ్ళబడకూడదని తపోవనానికి వెళ్ళిపొమ్మంటున్నాడు. ఆమె అంబికను, అంబాలికను వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. సంస్కృత మూలంలో “అతిక్రాంతసుఖాః కాలాః ప్రత్యుపస్థితదారుణాః” అని ఉన్నది. సుఖకాలాలు గడిచిపోయాయి, దారుణమైనవి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాయి అని దాని భావం. రానున్న యుద్ధాన్ని ఎరిగిన ఒకడు ఒక స్త్రీ వద్దకు వచ్చి హెచ్చరించడం అన్నది 1984 నాటి మొదటి ‘టెర్మినేటర్’ కథకు మూలస్తంభం కాదా? ఈ పాదాన్ని ఆ సినిమాల మీద ప్రయోగించదలిస్తే కథకు ప్రయోగించాలి గానీ, భాగాల తరతమాలకు కాదు.

తణుకు నుంచి:
వరంగల్లు మిత్రులు “వచ్చు” అన్న పదాన్ని చూడకుండా దాటిపోయారు. అది తద్ధర్మార్థక విశేషణం. భూత వర్తమాన భవిష్యత్తులలో ఏ ఒక్కదానికీ కట్టుబడదు. నన్నయగారు కురుక్షేత్ర యుద్ధాన్ని మాత్రమే సూచించదలిస్తే “రాఁగల కాలము” వంటి మాట వేసుకోలేనివారా? “వచ్చు కాలము” అంటే ఎప్పుడూ వస్తూనే ఉండే కాలం, ఏ తరానికైనా ముందున్న కాలం. మూలశ్లోకపు మూడవ పాదంలోని “శ్వః శ్వః” కూడా రేపు, ఆ పై రేపు అనే కదా చెబుతున్నది. కనుక మేనమామగారు దానిని సామెతగా వాడుకోవడంలో దోషం లేదు.

డాలస్ నుంచి:
నేను వ్యాకరణం చదివినదానిని కాను గానీ ఈ సినిమా నచ్చినవారిలో ఒకరిని కనుక రాస్తున్నాను. ‘ము’ అంటే పోలిక. రెండు కాలాలూ మన ఎదుట ఉన్నాయి, వాటిలో ఒకటి మెరుగు. ‘మె’ అంటే అవధారణ, అంటే అదే అని నొక్కి చెప్పడం. మేలంతా వెనుకనే ఉండిపోయింది, ముందు లేదు. రెండవ భాగాన్ని ఆరాధించేవారు ‘మె’ అని ఒత్తి పలుకుతున్నారు, చిక్కంతా అక్కడే ఉన్నది. ఇంకొక ఊహ. “చేయవచ్చు”, “జరగవచ్చు” అన్నప్పుడు మనం వాడే ‘వచ్చు’ సంభావనను తెలుపుతుంది. “వచ్చు కాలము”లోనూ ఆ ఛాయ ఉండకూడదా? రెండవ భాగంలో కథానాయిక సారా కత్తితో బల్ల మీద విధి లేదని చెక్కింది కూడా ఆ అర్థంలోనే: రావచ్చు, రాకపోవచ్చు. మెక్సికో నగరంలో కార్ల కర్మాగారంలో పనిచేసే డానీ అనే పిల్ల, తన తమ్ముడి చోటులోకి యంత్రం వచ్చి నిలబడడం చూసిన పిల్ల, రానున్న కాలపు బరువును తలకెత్తుకోవడం నన్ను కదిలించింది.

గుంటూరు నుంచి:
ఊహ అందంగా ఉన్నది గానీ నిలబడదమ్మా. సంభావనార్థకమైన ‘వచ్చు’ ‘చేయ’, ‘జరగ’ వంటి తుమర్థక క్రియకు చేరి వస్తుంది. ఇక్కడ అది నామానికి ముందు నిలిచిన విశేషణం. మీ మొదటి మాట మాత్రం విలువైనది. ‘మేలు’ అన్న పదం నన్నయగారికి ఎంత ప్రియమో చూడండి. “సారమతిం గవీంద్రులు ప్రసన్నకథాకలితార్థయుక్తి లో, నారసి మేలు నా, నితరు లక్షరరమ్యత నాదరింప” అని తన కావ్యాన్ని గురించి తానే చెప్పుకున్నారు. లోపలికి దిగి వెదికి మేలనేవారు కొందరు, పైకి వినబడే సొగసును ఆదరించేవారు కొందరు; రాజమహేంద్రవరంలో కూర్చుని, వెయ్యేళ్ళ తరువాతి ప్రేక్షకులను కూడా ఆయన ఎరిగినట్లే అనిపిస్తుంది నాకు. ఆ రెండు వర్గాలలో ఒకరిని తక్కువ చేయకుండా ఇద్దరికీ చోటు ఇచ్చారు. కరిగిన లోహంలా రూపు మార్చుకునే 1991 నాటి యంత్రాన్ని చూసి మురిసినవారిది అక్షరరమ్యత. అది కూడా మేలే.

విశాఖ నుంచి:
అందరూ నచ్చనివారిని గతాన్ని పట్టుకుని వేలాడేవారిగా చూస్తున్నారు. అది న్యాయం కాదు. మా అభ్యంతరం కథ మీదనే. రెండవ భాగమంతా ఒక పిల్లవాడిని కాపాడడం కోసం నడిచింది. చివరకు అతడిని కాపాడిన యంత్రం తనను కరిగిన ఉక్కులోకి దింపమని తానే సారాను అడిగి దిగిపోయింది. ‘డార్క్ ఫేట్’ మొదలవుతూనే ఆ పిల్లవాడు, సారా కొడుకు జాన్, తుపాకి గుండుకు బలి అవుతాడు. మనుషులను నాశనం చేసే స్కైనెట్ అనే యంత్రవ్యవస్థ పోయి లీజియన్ అనే మరొకటి వచ్చింది. పేరు మారింది, ప్రళయం అదే. అంటే ఆ త్యాగం ఎండమావి అయిపోయిందని మా బాధ. రెండవ భాగానికి ముదుసలి అయిన సారా ఉద్యానవనంలో మనుమరాలితో ప్రశాంతంగా కూర్చున్న ముగింపు ఒకటి చిత్రీకరించి కూడా వదిలేశారు, అంటే రానున్న కాలం మేలని తేల్చడానికి దర్శకుడు కామెరాన్ కూడా వెనుకాడారు. చీకటి దారి మీద ముగించి ప్రశ్నను మనకు విడిచిపెట్టారు. ఆ ప్రశ్నకు ఇంత కరుకైన సమాధానం ఇవ్వవలసిన అవసరం ఏమున్నది? వ్యాసుడు తన తల్లిని చూడవద్దన్నాడు. ఇక్కడ తల్లికి చూపించారు.

వరంగల్లు నుంచి:
విశాఖవారి చివరి వాక్యం నా వాదాన్ని నాకంటే బాగా చెప్పింది. వెళ్ళిపొమ్మన్నప్పుడు సత్యవతి వెళ్ళింది, సారా వెళ్ళలేదు. అయినా తద్ధర్మం విషయంలో మాస్టారితో నేను ఇంకా ఏకీభవించడం లేదు. వక్త ఎవరో, శ్రోత ఎవరో విడిచిపెట్టి పాదాన్ని ఒంటరిగా అర్థం చేసుకోలేము.

ప్రశ్న వేసినవారు:
అందరికీ నమస్కారాలు. ‘మే’ కాదని మేనమామగారికి చెప్పాను. ఆయన ఇప్పుడు ‘మె’ దగ్గర ఆగారు, ‘ము’కు రానంటున్నారు. ఆ “రాను” వినగానే ఒకటి తట్టింది. తెలుగు ఇళ్ళలో గడప దాటేవారు “వెళ్తాను” అనరు, “వెళ్ళొస్తాను” అంటారు. దూరం పోయే మాటలో కూడా రాకను ముడివేసి గానీ కదలరు. మొదటి సినిమాలో “మళ్ళీ వస్తాను” అన్న యంత్రం, ‘డార్క్ ఫేట్’లో ఇల్లు విడిచి వెళ్తూ “నేను ఇక రాను” అంటుంది. “వచ్చు కాలము”లోని ‘వచ్చు’, ఆ “రాను” ఒకే క్రియకు రెండు రూపాలు. ఆ ఒక్క మాట దగ్గర పిల్లలు, మేము కూడా మాట్లాడకుండా ఉండిపోయాము. తణుకు మాస్టారు, ‘వచ్చు’కు వ్యతిరేకార్థంలో ‘రా’ ఎలా ఆదేశమవుతుందో వీలున్నప్పుడు వివరిస్తారా?