ఓటీపీ చెప్పలేదు, లాగౌట్ అవలేదు, అయినా వాట్సాప్ నుంచి డబ్బులడుగుతున్నారు. ఎలా?

కొల్లేటి_గట్టు
మా పెద్దమ్మ ఫోన్‌లో వాట్సాప్ మామూలుగానే పనిచేస్తోంది. కానీ ఆవిడ నంబర్ నుంచి చుట్టాలకి "అర్జంటు, 20 వేలు పంపు, సాయంత్రం వేసేస్తా" అని మెసేజ్‌లు వెళ్తున్నాయి, కింద ఎవరిదో యూపీఐ ఐడీ. ఓటీపీ ఎవరికీ చెప్పలేదంటోంది. ఎస్సెమ్మెస్‌లు చూశాను, ఆరంకెల కోడ్ ఏదీ రాలేదు. టూ-స్టెప్ పిన్ ముందే పెట్టి ఉంది. మరి పాస్‌వర్డ్ ఎలా దొరికింది వాళ్లకి? ఫోన్ ఫార్మాట్ కొట్టేయాలా?

సిగ్నల్_బూత్
ఫార్మాట్ ఇప్పుడే వద్దు. లాగౌట్ అవలేదన్నారు చూడండి, అక్కడే సగం తేలిపోయింది.

జీమెయిల్‌లాగా పాస్‌వర్డ్ కొట్టి తెరిచేది కాదు వాట్సాప్. మీ నంబరే ఖాతా. దొంగకి దారులు రెండు. ఒకటి, మీ నంబర్‌ని తన ఫోన్‌లో రిజిస్టర్ చేసుకోవడం. దానికి ఎస్సెమ్మెస్‌లోనో కాల్‌లోనో వచ్చే ఆరంకెల కోడ్ కావాలి, అది పడగానే మీ ఫోన్‌లో వాట్సాప్ లాగౌట్ అయిపోతుంది. రెండోది, మీ ఖాతాకి తన కంప్యూటర్‌ని లింక్ చేసుకోవడం. ఇందులో మీ ఫోన్ యథాప్రకారం నడుస్తూనే ఉంటుంది, ఎస్సెమ్మెస్ రాదు. మీరు చెప్పిన లక్షణాలు రెండోదానివే.

చాలామంది పొరబడేది పిన్ దగ్గర. టూ-స్టెప్ పిన్‌ని వాట్సాప్ అడిగేది కొత్త ఫోన్‌లో నంబర్ రిజిస్టర్ చేసేటప్పుడు. లింక్ చేసేటప్పుడు అడగదు. కాబట్టి పెద్దమ్మగారు పిన్ పెట్టుకున్నా ఈ దారి తెరిచే ఉంది.

ఎలా లింక్ చేయించి ఉంటారంటే: "ఈ ఫొటోలో ఉన్నది మీరేనా" అనో, "మా పాపకి ఓటెయ్యండి" అనో తెలిసినవాళ్ల నంబర్ నుంచే ఓ లింక్ వస్తుంది (ఆ నంబర్ కూడా అప్పటికే పోయినదే). తెరిస్తే ఫోన్ నంబర్ అడుగుతుంది. ఇవ్వగానే ఆ సైట్ వెనకున్న దొంగ అదే నంబర్‌తో వాట్సాప్ వెబ్‌లో "ఫోన్ నంబర్‌తో లింక్ చెయ్యి" నొక్కుతాడు. వాట్సాప్ అతనికి 8 అక్షరాల కోడ్ ఇస్తుంది. దాన్నే పెద్దమ్మగారికి చూపించి "ధ్రువీకరణ కోసం వాట్సాప్‌లో కొట్టండి" అంటాడు. అంటే ఇక్కడ కోడ్ మన దగ్గర్నుంచి బయటికి పోదు, బయటి కోడ్ మన ఫోన్‌లోకి వస్తుంది. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అని ఎంత నేర్పినా ఇది పట్టుబడదు, ఆవిడ నిజంగానే ఎవరికీ ఏమీ చెప్పలేదు. మధ్యలో ఫోన్ వేలిముద్ర అడిగినా మామూలు తాళమే కదా అని పెట్టేస్తారు. క్యూఆర్ స్కాన్ చేయించినా జరిగేది ఇదే.

ఇప్పుడు చేయాల్సింది: వాట్సాప్‌లో మూడు చుక్కలు, "లింక్ చేసిన పరికరాలు". ఆ తెరని ముందు స్క్రీన్‌షాట్ తీయండి, ఫిర్యాదుకి పనికొస్తుంది. తర్వాత ఒక్కో పరికరం మీద నొక్కి లాగౌట్. ఫోన్ కాకుండా 4 దాకా లింక్ అవ్వచ్చు, కాబట్టి ఒకటి తీసేసి ఆగిపోవద్దు.

ఓరుగల్లు_ల్యాబ్
పైన చెప్పింది నిజం. ఒకటి కలుపుతాను. లింక్ అయిన క్షణంలో ఇటీవలి పాత సంభాషణలు కూడా ఆ కంప్యూటర్‌కి వెళ్తాయి. లాగౌట్ చేస్తే కొత్తవి ఆగుతాయి గానీ, వాడు అప్పటికే చూసి దాచుకున్నవి తిరిగిరావు. మన ఇళ్లలో ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ అన్నీ వాట్సాప్‌లోనే పంపుకుంటాం. చాట్‌లలో అవి ఉంటే ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసేయండి, బ్యాంక్‌కి ఓ మాట చెప్పండి.

"లింక్ చేసిన పరికరాలు"లో ఏమీ కనిపించకపోతే మాత్రం ఏపీకే ఫైల్ అనుమానించాలి. "ఆర్‌టీఓ చలాన్", "పీఎం కిసాన్", పెళ్లి శుభలేఖ, ఇలాంటి పేర్లతో గ్రూపుల్లో తిరిగేవి. శుభలేఖ అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, చివర ఏపీకే అని ఉంటే అది యాప్. ఇన్‌స్టాల్ చేశాక ఎస్సెమ్మెస్ అనుమతి తీసుకుని, వచ్చిన ప్రతి ఓటీపీని దొంగకి చేరవేస్తుంది. ఐకాన్ కనిపించకుండా దాక్కుంటుంది కూడా, అందుకే హోమ్ స్క్రీన్ మీద కాదు, సెట్టింగ్స్‌లో యాప్‌ల పూర్తి జాబితాలో వెతకాలి. సెట్టింగ్స్‌లోనే యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్, డివైస్ అడ్మిన్ అని అనుమతుల జాబితాలుంటాయి, ఈ మూడు చోట్ల తెలియని పేరుంటే అదే. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే ముందు డివైస్ అడ్మిన్‌లో ఆపి తర్వాత తీయాలి. అది దొరికితే అప్పుడు ఫార్మాట్ సబబే. పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ మార్చడం మాత్రం ఆ ఫోన్‌లో చేయకండి, సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుని మార్చండి.

కొల్లేటి_గట్టు
చూశాను. "క్రోమ్ – విండోస్" అని ఒకటుంది, ఇంట్లో అసలు కంప్యూటరే లేదు. స్క్రీన్‌షాట్ తీసి లాగౌట్ చేశాను. చాలా థాంక్సండి. ఇంకో సందేహం, మొదటి దారిలో పోయుంటే, అంటే ఫోన్‌లో లాగౌట్ అయిపోయుంటే ఏం చేయాలి?

సిగ్నల్_బూత్
అదే నంబర్‌తో వెంటనే మళ్లీ రిజిస్టర్ చేయాలి. ఎస్సెమ్మెస్ కోడ్ కొట్టగానే దొంగ బయటికి పోతాడు. వాడు తన పిన్ పెట్టేసి ఉంటే మీరు లోపలికి వెళ్లడానికి 7 రోజులు ఆగాలి. కానీ ఆ 7 రోజులూ వాడు కూడా లోపల ఉండడు, కంగారొద్దు. ఈలోపు దొంగ కావాలనే తప్పు కోడ్‌లు కొట్టి, మళ్లీ కోడ్ అడిగే సమయాన్ని గంటలకి గంటలు పెంచుతాడు. టైమర్ పూర్తయ్యేదాకా ఆగండి, మధ్యలో మీరూ ప్రయత్నిస్తే ఇంకా పెరుగుతుంది.

కోడ్ ఎస్సెమ్మెస్‌లో రాకుండా కాల్‌లో పోయుంటే కాల్ ఫార్వర్డింగ్ చూడాలి. "కొరియర్ బాయ్‌తో మాట్లాడాలంటే *21* కొట్టి ఈ నంబర్ కొట్టండి" అని చేయించేది అదే. వచ్చే కాల్స్ అన్నీ అతనికి మళ్లిపోతాయి, వాట్సాప్ కోడ్ చదివే కాల్‌తో సహా.

పాతబస్తీ_నెట్
దానికి చిన్న సవరణ. యూఎస్‌ఎస్‌డీ కోడ్‌లతో (*21* లాగా డయల్ చేసేవి) కాల్ ఫార్వర్డింగ్‌ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపేయమని టెలికాం శాఖ ఆపరేటర్లని ఆదేశించింది. అలాగని ధీమాగా ఉండొద్దు, ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ మెనూ తెరిచి నాలుగు గడులూ ఆఫ్‌లో ఉన్నాయో లేదో స్వయంగా చూడండి. నెట్‌వర్క్ పూర్తిగా పోయి గంటైనా రాకపోతే మీ నంబర్ మీద వేరే సిమ్ తీసుకున్నారేమో ఆపరేటర్‌ని అడగండి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపే నిబంధన ఉంది, అది మీకు దొరికే వ్యవధి.

ఇంకొకటి, అసలు ఇదే ముందు అడగాలి: చుట్టాల్లో ఎవరైనా డబ్బు పంపేశారా?

కొల్లేటి_గట్టు
ఒకాయన పంపారు, 20 వేలు, రెండు గంటలవుతోంది.

పాతబస్తీ_నెట్
అయితే ఇక్కడ చదవడం ఆపి ఆయనతో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఫిర్యాదు పెద్దమ్మగారిది కాదు, డబ్బు ఎవరి ఖాతా నుంచి పోయిందో వాళ్లే చేయాలి. యూపీఐ యాప్ హిస్టరీలో 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య), పంపిన సమయం, అవతలి యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకోమనండి. దొంగ ఆ సొమ్ముని వేరే ఖాతాలోకి దాటించేలోపు ఆపితేనే దొరుకుతుంది. లైన్ కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టేయండి. అవి అయ్యాక ఆయన బ్యాంక్‌కి కూడా చెప్పాలి. మీరు తీసిన స్క్రీన్‌షాట్ ఆయనకి పంపండి.