తొమ్మిదిన్నర వేలు పెట్టి టార్చిలైటు కొనడం అవసరమా? తోటల్లో, చేలల్లో వాడేవాళ్లు చెప్పండి

మందస తోట:
అందరికీ నమస్కారం. మాది మందస దగ్గర ఊరు. నాలుగెకరాల తోట, జీడీ కొబ్బరీ కలిపి ఉంటాయి, మధ్యలో పనసలు. నాన్నకి అరవై నాలుగేళ్లు. చెప్పినా వినడు, రాత్రిపూట మోటారు వేయడానికి ఒక్కడే వెళ్తాడు. దారి కిలోమీటరు లోపే గానీ సగం గెడ్డ (వాగు) పక్కనుంచి, సగం కొమ్మలు నేలకి ఆనేసిన జీడితోటల మధ్యనుంచి. జీడిపళ్లు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు దిగుతాయని ఇటు వాళ్లందరికీ తెలిసిందే. కిందటి నెల పక్క తోటలో అడుగులు కనిపించాయి. అప్పట్నుంచి ఆయన వెళ్లి వచ్చేదాకా అమ్మ గుమ్మంలోనే కూర్చుంటోంది, అన్నం కూడా తినదు.

ఆన్‌లైన్‌లో 799 రూపాయలకి ఒకటి తెప్పించాను, డబ్బా మీద లక్ష ల్యూమెన్లు (వెలుతురు ఎంతో చెప్పే లెక్క) అని రాసి ఉంది. మొదటి రాత్రి బాగానే ఉంది. మూడు వారాలకి రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా అరగంట రావడం లేదు, మొన్న నాన్న గెడ్డ దాటుతుండగా ఆరిపోయింది. ఇప్పుడు మా బావ తొమ్మిదిన్నర వేలది ఒకటి చూపించి, మూడు వేల ల్యూమెన్లు, 400 మీటర్లు కొడుతుంది, ఇది కొనెయ్ అంటున్నాడు. ఆ డబ్బు పెడితే తోటకి గత్తం తోలించుకోవచ్చు. అంత ఖరీదు పెట్టేదాంట్లో నిజంగా తేడా ఉంటుందా? వాడినవాళ్లు చెప్పండి.

కాశీబుగ్గ ఎలక్ట్రికల్స్:
తమ్ముడూ, ముందు ఆ లక్ష ల్యూమెన్ల సంగతి. మంచి ఎల్ఈడీ ఒక వాట్ కరెంటుకి సుమారు వంద ల్యూమెన్లు ఇస్తుంది. ఆ లెక్కన లక్ష ల్యూమెన్లకి వెయ్యి వాట్లు కావాలి, అంటే మనింట్లో ఇస్త్రీపెట్టె తినేంత కరెంటు. దాన్ని బొటనవేలంత సెల్లు ఎలా ఇస్తుంది? ఇలాంటి టార్చిల్లో వేసే 18650 సైజు సెల్లు, మంచిదైనా, అందులో మొత్తం నిల్వ ఉండేదే పదమూడు వాట్-అవర్లు, వెయ్యి వాట్ల చొప్పున లాగితే నిమిషం కూడా రాదు.

నా షాపుకి ఇలాంటివి నెలకి నాలుగైదు వస్తాయి రిపేరుకి. ఒకదాంట్లో సెల్లు మీద 9900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే అంకె) అని అచ్చేసి ఉంది. ఆ సైజు సెల్లులో ఎంత పేరున్న కంపెనీదైనా 3500 చుట్టుపక్కలే. పక్కనే బంగారం షాపు ఉంటే కాటా మీద పెట్టించి చూశాను, ఇరవై ఎనిమిది గ్రాములు తూగింది. అసలు సెల్లు నలభై అయిదు గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. అంటే లోపల సరుకే లేదు, మీ నాన్నగారిది గెడ్డలో ఆరిపోయిందంటే ఇదే కారణం అయి ఉంటుంది.

కాబట్టి ఖరీదు పెడితే తేడా ఉంటుంది, కానీ తొమ్మిదిన్నర వేల దాకా వెళ్లక్కర్లేదు. సోఫిర్న్, కాన్వాయ్ లాంటి కంపెనీలవి, ఒకే సెల్లుతో నడిచేవి, నాకు తెలిసి రెండు మూడు వేలల్లో దొరుకుతున్నాయి. నేనూ అదే వాడుతున్నాను, రెండేళ్లు దాటింది. సెల్లు నిజమైనది, సెల్లు దిగిపోతున్నా వెలుతురుని నిలకడగా ఉంచే సర్క్యూట్ ఉంటుంది, అందులో పెట్టే డబ్బు దండగ కాదు.

సంతబొమ్మాళి చెరువులు:
నేను తొమ్మిది వేలదే కొన్నాను, బాధపడలేదు. మావి రొయ్యల చెరువులు, ఈ గట్టు మీద నిలబడితే ఆ చివర గట్టు మూడు వందల మీటర్ల దూరం. అటు ఎవరైనా వల పట్టుకుని దిగితే కూర్చున్న చోటునుంచే కనిపించాలి, నడిచి వెళ్లేసరికి పోతారు. అలాంటి పనికి పెద్ద రిఫ్లెక్టర్ ఉన్న, దూరం కొట్టే లైటే కావాలి.

అయితే ఒకటి చెప్తాను, ఆ 400 మీటర్లు అనే అంకెని చూసి మోసపోవద్దు. అబద్ధం కాదు గానీ, ఆ కొలతకి ఒక పద్ధతి ఉంది, వెలుతురు పావు లక్స్‌కి పడిపోయే దూరం అది, అంటే అక్కడ పున్నమి వెన్నెలంత మాత్రమే ఉంటుంది. వెన్నెల్లో మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలీదు. పోల్చుకోవాలంటే ఆ అంకెలో సగమే లెక్కేసుకోండి. ఇంకొకటి, దూరం రెట్టింపు కావాలంటే కాంతి తీవ్రత నాలుగు రెట్లు కావాలి, ధర అందుకే అలా పెరిగిపోతుంది. జీడికొమ్మల మధ్య ఇరవై మీటర్లు దాటి ఏమీ కనపడదు, అక్కడికి నా లైటు తెస్తే దగ్గరి ఆకుల మీద పడి తిరిగి కళ్లలోనే కొడుతుంది. మీకు వెడల్పుగా పరుచుకునేది కావాలి.

బొబ్బిలి లైన్‌మన్:
ఎవరూ చెప్పలేదు గానీ, నెత్తికి కట్టుకునే లైటు ఆలోచించారా? చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో స్టార్టర్ పెట్టె తలుపు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ తర్వాత మమ్మల్ని ఉద్దానం పంపారు. స్తంభాలు వరసగా పడున్నాయి, వాటి మీద కొబ్బరిచెట్లు, రోజుల తరబడి కరెంటు లేదు. మాతో వచ్చిన ఒకాయన దగ్గర చాలా పవరున్న లైటు ఉండేది. స్విచ్ నొక్కగానే ఊరంతా పగలైనట్టు ఉండేది, రెండు నిమిషాలకి పట్టుకోలేనంత వేడి, ఆ వేడికి దానంతటదే తగ్గిపోయేది. అది పాడైపోవడం కాదు, లోపల కాలిపోకుండా అలా చేస్తారు, మూడు వేల ల్యూమెన్లు అన్నవి చాలావరకు అంతే. ఆ తర్వాత మిగిలేది ఏడెనిమిది వందలు. మధ్యాహ్నం జనరేటర్ దగ్గర ఛార్జింగ్‌కి పెడదామంటే యాభై ఫోన్లు ముందుండేవి. నా హెడ్‌లైటు వంద ల్యూమెన్లదే, ఒక్క సెల్లు రాత్రంతా వచ్చేది, జేబులో ఇంకోటి. స్తంభం మీద కూర్చుని వైరు బిగించడానికి అంతకంటే వెలుతురు ఎప్పుడూ అవసరం పడలేదు.

కొనేముందు ల్యూమెన్లు కాదు, ఏ మోడ్‌లో ఎన్ని గంటలు వస్తుందో చదవండి. వానకే కాదు, నీళ్లలో పడినా తట్టుకోవాలంటే ఐపీఎక్స్8 అని ఉందో లేదో చూడండి.

గజపతినగరం కళ్లం:
బాబూ, మీరంతా ఎలుగుబంటి గురించే మాట్లాడుతున్నారు. రాత్రి తోటకి వెళ్లే మనిషికి రోజూ ఉండే భయం పాము. కిందటేడు నూర్పుల టైంలో కళ్లం దగ్గర మా ఆయన కుప్ప మీద పట్టా కప్పడానికి వెళ్లాడు, చేతిలో లైటు ఉంది, మంచి వెలుతురే, కానీ నీలంగా కొట్టే తెలుపు. ఎండుగడ్డి, మట్టి, అంతా ఒకటే బూడిద రంగులో కనపడుతోంది. అడుగు వేయబోతుంటే బుస వినపడి ఆగాడు. రక్తపింజరి. గడ్డిలో చుట్టుకుని ఉంది, వెలుతురు సరిగ్గా దాని మీదే పడుతోంది, అయినా చూడలేదు. నేను వెనకాల చూస్తూనే ఉన్నాను, నాకూ కనపడలేదు. ఆ బుస ఇప్పటికీ చెవిలో ఉంది.

తర్వాత మా అబ్బాయి వెతికి, రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపించే లైటు తెప్పించాడు. సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుందట, తొంభై పైన ఉండాలి, వెలుతురు కొంచెం పసుపు ఛాయలో ఉంటుంది. ల్యూమెన్లు పాతదానికంటే తక్కువే. మొదటి రాత్రి పెరట్లో వేసి చూస్తే ఎండాకుకీ మట్టికీ మధ్య తేడా తెలిసింది, గోధుమరంగు గోధుమరంగులా కనపడింది. రెండున్నర వేలు అయింది. మీ నాన్నగారికి అలాంటిది కొనండి, మోకాళ్ల దాకా బూట్లు కూడా కొనండి, ఆ తొమ్మిదిన్నర వేలలో రెండూ వచ్చి ఇంకా మిగుల్తాయి.

మందస తోట:
అందరికీ చాలా థాంక్స్. గజపతినగరం అమ్మా, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను, ఆవిడ బూట్ల సంగతి వెంటనే పట్టుకుంది. సీఆర్ఐ 90 ఉన్న ఒక సెల్లు టార్చి, ఒక హెడ్‌లైటు రెండూ కలిపి నాలుగు వేల లోపు చూశాను. ఒక్క డౌటు. ఎలుగుబంటి ఎదురుపడితే మొహం మీద ఫుల్ పవర్ కొడితే పారిపోతుందని మా బావ అంటున్నాడు, అందుకైనా పెద్దది ఉండాలా?

కాశీబుగ్గ ఎలక్ట్రికల్స్:
దాన్ని నమ్ముకుని పంపొద్దు తమ్ముడూ. ఎలుగు మనిషి మీదకొచ్చేది ఎక్కువగా దగ్గర్లో హఠాత్తుగా ఎదురుపడినప్పుడే, అది బెదిరిపోయి వస్తుంది. అయిదు గజాల్లో ఉన్నదాని కళ్లలో లైటు కొడితే వెనక్కి పోతుందో మీదకే వస్తుందో ఎవరు చెప్పగలరు? నాన్నగారిని దారి పొడుగునా మాట్లాడుతూనో కర్రతో చప్పుడు చేస్తూనో వెళ్లమనండి, మనిషి వస్తున్నాడని దానికి ముందే తెలియాలి. పళ్లు రాలే రెండు నెలలూ ఒక్కడినీ పంపకండి, పక్క తోట వాళ్లతో మాట్లాడి ఇద్దరూ ఒకే టైంకి వెళ్లేలా చూసుకోండి. లైటు పని దారికి రెండు పక్కలా పొదల దాకా కనపడేలా చేయడం, దానికి మూడు నాలుగు వందల ల్యూమెన్లు సరిపోతాయి.

సెల్లులు వచ్చాక మీరు మేలుకుని ఉన్నప్పుడే ఛార్జింగ్ పెట్టండి, రాత్రంతా వదిలేయొద్దు. ఆ పాత 799 దాన్ని మంటలోనూ చెత్తలోనూ పడేయకండి, ఇటు వచ్చినప్పుడు షాపులో ఇచ్చేయండి, నేను చూసుకుంటాను.

మందస తోట:
సరే అన్నా. శనివారం సంతకి వస్తున్నాం, నాన్నని కూడా తీసుకొస్తాను. ఆయనకి చీకట్లో స్విచ్ వెతుక్కోవడం కష్టం, మీ దగ్గర ఉన్నది ఒకసారి చేత్తో పట్టుకుని చూశాకే ఆర్డర్ పెడతాను.