సీప్యాప్ వాడేవారికి ఫ్లూ వస్తే మెషీన్ ఆపాలా?

ప్రశ్న (కాకినాడ నుంచి):
మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి. నిద్రలో గంటకు 34 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరుగుతోందని స్లీప్ స్టడీలో తేలడంతో నిరుడు సీప్యాప్ (నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషీన్) మొదలుపెట్టారు. ఇప్పుడు ఫ్లూ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ముక్కు పూర్తిగా దిబ్బడేసి, మాస్కు పెట్టుకున్న కాసేపటికే తీసేస్తున్నారు. మెషీన్ గాలి వైరస్‌ను ఊపిరితిత్తుల్లోకి నెడుతుందని బంధువులు చెప్పడంతో ఇక దాని జోలికే వెళ్లడం లేదు. 2022లో సంగీత దర్శకుడు బప్పీ లాహిరి గారు చనిపోయినప్పుడు స్లీప్ అప్నియా (నాన్నకున్నట్టే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), మళ్లీ మళ్లీ వచ్చిన ఛాతీ ఇన్ఫెక్షన్ గురించి వైద్యులు చెప్పిన మాట అమ్మకు గుర్తుంది. రాత్రంతా నాన్న పక్కనే కూర్చుని, ఆగిన గురక మళ్లీ మొదలయ్యేదాకా చెవులు రిక్కించి వింటోంది. తగ్గేదాకా మెషీన్ ఆపడం మంచిదేనా?

సమాధానం (హైదరాబాద్ నుంచి, ఊపిరితిత్తుల డాక్టరు):
ముందుగా ఆయనను చూస్తున్న డాక్టరుతో ఈ రోజే మాట్లాడండి. ముక్కు లోపలి పొర వాచినప్పుడు గాలి పీల్చడానికి ఛాతీ మరింత బలంగా లాగాల్సి వస్తుంది, ఆ లాగుడుకు గొంతులోని మెత్తటి భాగం ముడుచుకుపోతుంది, దానికి తోడు నోరు తెరిచి పడుకోవడం వల్ల నాలుక వెనక్కి జారుతుంది. అంటే సీప్యాప్ అవసరం పెరిగే రోజుల్లోనే మీరు దాన్ని పక్కన పెడుతున్నారు. వాంతులు అవుతున్నా, ఎంత ప్రయత్నించినా ఊపిరి ఆడకపోయినా తప్ప దాన్ని మానకపోవడమే మంచిది.

వైరస్ ఇప్పటికే ఆయన శ్వాసమార్గంలో ఉంది. మెషీన్ ఇచ్చేది వడకట్టిన గది గాలినే. నిజంగా పట్టించుకోవలసినవి మురికి ఫిల్టరు, కడగని గొట్టం, గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫైయర్‌లో నిలవ ఉన్న నీరు. అయితే మాస్కుకున్న రంధ్రాల నుంచి ఆయన వదిలిన గాలి గదిలోకి వస్తుంది కాబట్టి అమ్మగారు కొన్నాళ్లు వేరే గదిలో పడుకోవాలి, లేదా ముఖానికి మామూలు మాస్కు పెట్టుకుని కిటికీ తెరిచి ఉంచుకోవాలి.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది మందుల షాపులో అడిగి తెచ్చుకునే దగ్గు మందు. కోడీన్ ఉన్నవి, మత్తు కలిగించే జలుబు మాత్రలు ఇలాంటి రోగికి ప్రమాదకరం కావచ్చు. ముక్కు దిబ్బడకు వాడే ఫినైలెఫ్రిన్ ఉన్న మాత్రలు బీపీని పెంచవచ్చు. మెలకువగా ఉన్నప్పుడు ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, పగలంతా మగతగా పడి ఉన్నా తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పగలు వేలికి పెట్టి చూసిన ఆక్సిజన్ బాగున్నంత మాత్రాన రాత్రి కూడా అలాగే ఉంటుందని అనుకోకండి.

సమాధానం (విశాఖపట్నం నుంచి):
డాక్టరుగారి మాటకు అధ్యయనాల బలం కొంత ఉంది, కానీ దాని హద్దులు కూడా తెలియాలి. సీప్యాప్ సరిగా వాడని అప్నియా రోగులు ఫ్లూతో ఆసుపత్రిలో చేరడం ఎక్కువని 2020లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం చూపింది. కోవిడ్ విషయంలో ఫిన్లాండ్ పరిశోధకులు అప్నియా వల్ల వైరస్ సోకే అవకాశం పెరగలేదనీ, సోకాక ఆసుపత్రి పాలయ్యే అవకాశం మాత్రం పెరిగిందనీ గమనించారు. ఊబకాయం, షుగరు కూడా ఈ రోగుల్లోనే ఎక్కువ కాబట్టి తప్పంతా అప్నియాదే అనలేం. నిద్ర సరిపోకపోవడం మాత్రం దానంతటదే ఒక కారణం కాగలదు: 2015లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేస్తే, 7 గంటలకు పైగా నిద్రపోయినవారితో పోలిస్తే 6 గంటలకన్నా తక్కువ నిద్రపోయినవారికి జలుబు వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉంది.

సమాధానం (న్యూజెర్సీ నుంచి):
నేనూ సీప్యాప్ వాడతానండీ. జలుబు చేసినప్పుడు ముక్కు మాస్కు తీసేసి, ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్కుకు మారతాను. పడుకోబోయే ముందు సెలైన్‌తో (ఉప్పునీటితో) ముక్కు కడుక్కుని, తల కింద ఇంకో దిండు వేసుకుని, హ్యూమిడిఫైయర్ వేడి కొంచెం పెంచుతాను. అందులో డిస్టిల్డ్ వాటరే పోస్తాను. మొదట మాస్కు పెట్టుకుని టీవీ చూస్తూ కూర్చోమనండి, అలవాటయ్యాక నిద్రపోవచ్చు. రాత్రంతా ఉంచుకోలేకపోయినా ఉంచుకోగలిగినంతసేపైనా వాడమనండి. కోలుకున్నాక ఏటా వేసుకునే ఫ్లూ టీకా గురించీ, న్యుమోనియా టీకా గురించీ డాక్టరుగారిని తప్పక అడగండి.