బావ మిడ్‌రేంజ్ డెక్ ముందు నా కంట్రోల్ డెక్ ఎందుకు నిలబడట్లేదు?

కోట_జంక్షన్ (విజయనగరం):

అందరికీ నమస్కారం. మేం అయిదుగురం ఆదివారాలు మూడు లాంతర్ల దగ్గర ఒక ఫ్రెండ్ వాళ్ల మేడ మీద మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుతుంటాం. పయనీర్ ఫార్మాట్ (ఏ కార్డులు వాడొచ్చో చెప్పే పద్ధతుల్లో ఒకటి). నాది అజోరియస్ కంట్రోల్ (తెలుపు, నీలం కార్డులతో అవతలివాడు వేసేవాటిని అడ్డుకుంటూ చివర్లో గెలిచే డెక్, అంటే కార్డుల కట్ట), కార్డులు చాలామటుకు కలర్ ప్రింట్లు తీసి స్లీవ్‌లలో పెట్టుకున్నవే. మా బావ వైజాగ్ నుంచి వస్తాడు, ఆయనది రాక్డోస్ మిడ్‌రేంజ్ (నలుపు, ఎరుపు కార్డులతో మధ్య టర్న్‌లలో బలమైన క్రీచర్లని, అంటే దాడి చేసే కార్డులని, దింపే డెక్), అన్నీ అసలు కార్డులు. మిగతా ముగ్గురి మీద బాగానే గెలుస్తున్నాను. బావ మీద మాత్రం నాలుగు వారాలుగా ఒక్క మ్యాచ్ కూడా రాలేదు.

మొన్నటి గేమ్ పూర్తిగా రాస్తాను. బావ ఫస్ట్ ఆడాడు. నా చేతిలో మూడు ల్యాండ్‌లు (కార్డులు వెయ్యడానికి ఖర్చయ్యే మానా ఇచ్చేవి), సుప్రీమ్ వర్డిక్ట్ (క్రీచర్లన్నిటినీ తుడిచేది), డోవిన్స్ వీటో (క్రీచర్ కాని కార్డుని అడ్డుకునేది), అబ్జార్బ్ (వేసిన కార్డుని అడ్డుకుని 3 లైఫ్ ఇచ్చేది), మెమరీ డెల్యూజ్ (కొత్త కార్డులు తెచ్చేది). మంచి చెయ్యే అనుకున్నాను. మొదటి టర్న్‌లోనే థాట్‌సీజ్ (అవతలివాడి చెయ్యి చూసి ఒక కార్డు పారేయించేది) వేసి నా వీటో తీసేశాడు. రెండో టర్న్ బ్లడ్‌టైత్ హార్వెస్టర్ అనే క్రీచర్. మూడో టర్న్ ఫేబుల్ ఆఫ్ ద మిర్రర్ బ్రేకర్ (ముందు ఒక గాబ్లిన్ టోకెన్, అంటే కార్డు లేని క్రీచర్, ఇచ్చి, రెండు టర్న్‌ల తర్వాత రిఫ్లెక్షన్ అనే క్రీచర్‌గా తిరగబడేది). నాలుగో టర్న్ గ్రేవ్‌యార్డ్ ట్రెస్‌పాసర్ వేస్తే, దానికి వార్డ్ (దాన్ని టార్గెట్ చేస్తే మనం ఒక కార్డు పారెయ్యాలి) ఉంది కదా, తర్వాత తియ్యడం కష్టమని అబ్జార్బ్ వాడేశాను. నా నాలుగో టర్న్ వర్డిక్ట్ వేసి హార్వెస్టర్‌నీ గాబ్లిన్ టోకెన్‌నీ తీశాను. అయిదో టర్న్ ఫేబుల్ తిరగబడి రిఫ్లెక్షన్ అయింది, షియోల్డ్రెడ్ అనే పెద్ద క్రీచర్ కూడా దిగింది. నేను టెఫెరీ (లాయల్టీ అనే పాయింట్లు పెంచుతూ, ఖర్చుపెడుతూ వాడే కార్డు) వేసి మైనస్ 3తో షియోల్డ్రెడ్‌ని డెక్‌లో పైనుంచి మూడో కార్డుగా పంపాను. టెఫెరీకి ఒక్క లాయల్టీ మిగిలితే తర్వాతి టర్న్‌లో రిఫ్లెక్షన్ వచ్చి కొట్టేసింది. మూడు టర్న్‌లకి షియోల్డ్రెడ్ మళ్లీ ఆయన చేతికి వచ్చింది. అంతే, అయిపోయింది.

ఆయన వేసిన ప్రతిదానికీ జవాబు ఇచ్చాను కదా! ఏటి తప్పు చేస్తున్నానో చెప్పండి.

నాగావళి_నీలం (ఆమదాలవలస):

తమ్ముడూ, ప్రతిదానికీ జవాబు ఇవ్వడమే తప్పు. ఓపిగ్గా చదువు, కొంచెం పెద్దగా రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మా తాతయ్య అరుగు మీద బొగ్గుతో గీసి నాకు పులి-మేక నేర్పాడు. 3 పులులు, 15 మేకలు. నేను మేకలు పట్టుకున్నప్పుడల్లా పులి దగ్గరకొస్తే చాలు, ఆ ఒక్క మేకని కాపాడుకోడానికే ఎత్తు వేసేవాణ్ని, ఓడిపోయేవాణ్ని. తాతయ్య మేకలు ఆడితే ఒకటి రెండు పోయినా తల కూడా ఎత్తేవాడు కాదు. దారులు మూసుకుంటూ వచ్చేవాడు. చివరికి మూడు పులులూ ఎక్కడివక్కడ బిగుసుకుపోయేవి. కంట్రోల్ డెక్ పట్టుకున్నవాడివి నువ్వు మేకలవాడివి. నీ 20 లైఫ్ నీ మేకలు.

ఇప్పుడు నీ గేమ్‌కి వద్దాం. నాలుగో టర్న్‌లో ట్రెస్‌పాసర్ మీద అబ్జార్బ్ పెట్టావు చూడు, గేమ్ అక్కడే జారింది. వార్డ్ అనేది ఆ కార్డుని టార్గెట్ చేస్తేనే పనిచేస్తుంది. వర్డిక్ట్ దేన్నీ టార్గెట్ చెయ్యదు, అన్నిటినీ తుడిచేస్తుంది. చేతిలో వర్డిక్ట్ ఉన్నప్పుడు ట్రెస్‌పాసర్ నీకు అసలు సమస్యే కాదు. అబ్జార్బ్‌ని షియోల్డ్రెడ్ కోసం దాచాలి.

కాగితం తీసుకుని లెక్క వేసుకో. మూడో టర్న్‌లో హార్వెస్టర్ 3 కొడుతుంది. నాలుగో టర్న్‌లో హార్వెస్టర్, గాబ్లిన్ కలిసి 5. నువ్వు ట్రెస్‌పాసర్‌ని దిగనిచ్చి, నీ నాలుగో టర్న్‌లో కూడా ఏమీ వెయ్యకుండా నాలుగు ల్యాండ్‌లూ తెరిచి పెట్టి కూర్చున్నావనుకో. నువ్వేమీ వెయ్యని టర్న్ అయిపోయాక ట్రెస్‌పాసర్ రాత్రి వైపుకి తిరిగి 4 కొడుతుంది, అయిదో టర్న్‌లో మూడూ కలిసి 9. కాగితం మీద 20, 17, 12, 3. షియోల్డ్రెడ్ వేస్తాడు, అబ్జార్బ్ చేస్తావు, 3 లైఫ్ వస్తుంది, 6 దగ్గర ఉంటావు. ట్రెస్‌పాసర్ గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన కార్డుల గుట్టలో) ఏదైనా క్రీచర్ కార్డుని తింటే ఇంకో ఒకటో రెండో తగ్గుతుంది. ఇప్పుడు నీ అయిదో టర్న్‌లో వర్డిక్ట్ వెయ్యి. హార్వెస్టర్, గాబ్లిన్, ట్రెస్‌పాసర్, ఆ టర్న్‌లోనే క్రీచర్‌గా మారిన రిఫ్లెక్షన్, నాలుగూ పోతాయి. నువ్వు తొందరపడి ఒక టర్న్ ముందు వేశావు కాబట్టి రిఫ్లెక్షన్ తప్పించుకుంది, అదే వచ్చి నీ టెఫెరీని తినేసింది.

టెఫెరీ ఆరో టర్న్‌లో ఖాళీ బోర్డు మీద దిగాలి. ప్లస్ చేస్తే కార్డు వస్తుంది, టర్న్ చివర రెండు ల్యాండ్‌లు మళ్లీ తెరుచుకుంటాయి. ఆ రెంటితో వీటో పట్టుకుని కూర్చుంటే మీ బావ క్రీచర్ కానిది ఏం వేసినా ఆలోచించి వెయ్యాల్సిందే.

వర్డిక్ట్‌లు ఎన్ని పెట్టావు? సెకండ్ ఆడేటప్పుడు నాలుగో టర్న్‌కి 11 కార్డులు చూస్తావు. 60 కార్డుల డెక్‌లో 3 పెడితే అప్పటికి కనీసం ఒకటి చేతికొచ్చే అవకాశం వందకి 46, 4 పెడితే 57. మిడ్‌రేంజ్ మీద నేనైతే 4 లేకుండా కూర్చోను.

రాక్డోస్_రాజ్యం (విజయనగరం):

నేను అవతలి వైపు కూర్చునే మనిషిని, రాక్డోస్ మూడేళ్లుగా ఆడుతున్నాను. పైన అన్నగారు చెప్పిన లెక్క సరైనదే కానీ ఒక చోట ఒప్పుకోను. గాబ్లిన్ అటాక్ చేసిన ప్రతిసారీ ట్రెజర్ (ఒక్కసారి ఒక మానా ఇచ్చే టోకెన్) వస్తుంది. అయిదో టర్న్‌కి మీ బావ దగ్గర 5 ల్యాండ్‌లు, 2 ట్రెజర్‌లు, మొత్తం 7 మానా. షియోల్డ్రెడ్‌ని నువ్వు అబ్జార్బ్ చేశాక ఇంకో మూడు మానా కార్డు దిగుతుంది. అది నీ వర్డిక్ట్‌తోనే పోతే సరే. ఆయన తెలివిగా దాన్ని చేతిలో ఉంచుకుని వర్డిక్ట్ తర్వాత దింపితే, 6 లైఫ్ దగ్గర నీకు ఊపిరాడదు. కాబట్టి బావ చేతిలో ఎన్ని కార్డులు మిగిలాయో చూసి నిర్ణయించుకో. రెండుకి మించి ఉంటే నాలుగో టర్న్‌లోనే వర్డిక్ట్ వేసినా నేను తప్పనను.

ఇంకో సంగతి. థాట్‌సీజ్‌తో నీ చెయ్యంతా చూసి కూడా వర్డిక్ట్ వదిలి వీటో తీశాడంటే ఆయన దగ్గర ఫేబుల్ ఉన్నట్టే. మేం అలాగే తీస్తాం. నీ డెక్‌లో క్రీచర్లు లేవు కనక మొదటి గేమ్‌లో క్రీచర్లని చంపే మా ఫేటల్ పుష్‌లన్నీ చచ్చు కార్డులు. ఫేబుల్ రెండో చాప్టర్‌లో వాటిని పారేసి కొత్తవి తెచ్చుకుంటాం. ఫేబుల్ దిగిందంటే నీకున్న పెద్ద ఆధిక్యం పోయినట్టే, అందుకే వీటో మొదట దానికే దాచుకో. సైడ్‌బోర్డ్ (గేమ్‌ల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) తర్వాత మేం ఆ పుష్‌లు తీసేసి, చేతిలోంచి కార్డు పారేయించే డ్యూరెస్ తెస్తాం. అప్పుడు నువ్వు లైరా డాన్‌బ్రింగర్ అనే క్రీచర్‌ని రెండు పెట్టు. డ్యూరెస్ క్రీచర్‌ని తియ్యలేదు. 5/5 ఎగురుతూ లైఫ్ తెస్తుంటే నాకు గుండె జారిపోతుంది, నిజంగా చెప్తున్నాను.

షియోల్డ్రెడ్ బోర్డు మీద ఉన్నప్పుడు టెఫెరీ ప్లస్ చెయ్యకు. నువ్వు కార్డు డ్రా చేసిన ప్రతిసారీ 2 లైఫ్ పోతుంది. మెమరీ డెల్యూజ్‌తో ఆ బాధ లేదు. దాని మీద రాసింది చదువు, కార్డులు చూసి రెంటిని చేతిలో పెట్టుకోమంటుంది, డ్రా చెయ్యమనదు. చాలామంది ఇది గమనించక డెల్యూజ్ చేతిలో పెట్టుకుని చచ్చిపోతారు. ట్రెస్‌పాసర్ నీ గ్రేవ్‌యార్డ్‌లోంచి డెల్యూజ్‌ని తీసేస్తుంది కనక ఫ్లాష్‌బ్యాక్ (గ్రేవ్‌యార్డ్‌లోంచి రెండోసారి వెయ్యడం) మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోకు.

నాగావళి_నీలం:

ట్రెజర్‌ల మాట నేను మర్చిపోయాను, మీరు చెప్పింది నిజం. చేతిలో కార్డులు లెక్కపెట్టాలి.

కోట_జంక్షన్:

అన్నయ్యా, అక్కా, చాలా థాంక్స్. నిన్న బావని బతిమాలి అవే ఏడు కార్డులు పక్కకి తీసి పెట్టుకుని అదే గేమ్ మూడుసార్లు ఆడాం. థాట్‌సీజ్, వీటో, ఫేబుల్ వరకూ అంతా మొన్నటిలాగే, అక్కణ్నుంచి డెక్ కలిపి ఆడాం.

మొదటిసారి అన్నయ్య చెప్పినట్టే నాలుగో టర్న్ ఏమీ వెయ్యకుండా ఊరుకున్నాను. 3 లైఫ్ అని రాసుకున్నప్పుడు చెయ్యి వణికింది. షియోల్డ్రెడ్‌ని అబ్జార్బ్ చేసి, తర్వాతి టర్న్‌లో వర్డిక్ట్ వేస్తే బోర్డు మొత్తం ఖాళీ. టెఫెరీతో గెలిచాను. రెండోసారి అక్క చెప్పిందే జరిగింది, బావ ఇంకో ట్రెస్‌పాసర్‌ని దాచుకుని వర్డిక్ట్ తర్వాత దింపాడు, పోయాను. మూడోసారి ఆయన చేతిలో మూడు కార్డులు కనబడి నాలుగో టర్న్‌లోనే వర్డిక్ట్ వేశాను. గేమ్ చాలాసేపు సాగింది, డెల్యూజ్ రెండుసార్లు వేసి గెలిచాను.

లైరా కార్డు రెండు ప్రింట్లు తీయించాను. మూడో వర్డిక్ట్ దగ్గర ఆగిపోయిన నేను నాలుగోది పెట్టడానికి ఏం తియ్యాలో తేల్చుకోలేకపోతున్నాను, 26 ల్యాండ్‌లు ఉన్నాయి.

నాగావళి_నీలం:

ల్యాండ్ మాత్రం తియ్యకు. వీటోలు నాలుగుంటే ఒకటి సైడ్‌బోర్డ్‌కి పంపు. వచ్చే ఆదివారం నేను పొద్దున్న రైలుకి విజయనగరం వస్తున్నాను, మేడ ఎక్కడో చెప్తే నా డెక్ కూడా తెస్తాను.