యాక్సిడెంట్ తర్వాత వచ్చిన తల తిరుగుడుకి నష్టపరిహారం వస్తుందా?

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. నెలన్నర క్రితం సింగరాయకొండ దగ్గర హైవే మీద మా కారుని వెనక నుంచి లారీ గుద్దింది. ఎఫ్‌ఐఆర్ అయింది. ఆ రోజు స్కానింగ్‌లో తలకేమీ కాలేదన్నారు.

పది రోజుల తర్వాత మొదలైంది అసలు బాధ. మంచం మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, పైన ఫ్యాను, గోడలు అన్నీ గిర్రున తిరుగుతాయి. కళ్లు మూసుకుని మంచం పట్టె గట్టిగా పట్టుకోవాలి. దెబ్బకి చెవి లోపలి సన్నటి స్ఫటికాలు కదిలాయని ఈఎన్‌టీ డాక్టరు చెప్పారు. బండి నడపలేక పనికి పోవడం లేదు, ఇంట్లో ఒకటే టెన్షన్.

యాక్సిడెంట్ నష్టపరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో 6 నెలల్లోపు క్లెయిమ్ వేయాలంటున్నారు. కానీ డిశ్చార్జి కాగితంలో తల తిరుగుడు మాటే లేదు. ఈఎన్‌టీ చీటీ సరిపోతుందా? లారీ వాళ్లేమో రాజీకి రమ్మంటున్నారు. సంతకం పెడితే ఆ దారి కూడా మూసుకుపోతుందేమోనని భయం. ఇలాంటి కేసు నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.