న్యూయార్కులో సాయంత్రపు ఆయిస్టర్లు: విశాఖ నుంచి వెళ్లేవాళ్లకు సలహా కావాలి

ప్రశ్న – భీమిలి ఆడపడుచు (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్కారం. సెప్టెంబరు నెలాఖరున మేమిద్దరం న్యూయార్కులో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్లి, సంక్రాంతి లోపు తిరిగి వస్తాం. అబ్బాయీ కోడలూ ఉద్యోగాలకు వెళ్లాక పగలంతా మాకు తీరికే. పెద్ద హోటళ్లలో విందులు మాకు అక్కర్లేదు. ఆ ఊళ్లో మామూలు మనుషులు రోజూ ఇష్టపడి తినేవేమిటో తిని చూడాలని ఉంది. అక్కడ చాలా రెస్టారెంట్లలో సాయంత్రం నాలుగు నుంచి ఆరు, ఏడు గంటల దాకా ‘హ్యాపీ అవర్’ పేరుతో ఆయిస్టర్లను, అంటే ఆల్చిప్పలను, తక్కువ ధరకు పెడతారని కోడలు చెప్పింది. నేను భీమిలిలో పుట్టి పెరిగాను. పీతలు, రొయ్యలు, నెత్తళ్లు నాకు కొత్త కావు. గోస్తని సముద్రంలో కలిసేచోట ఆల్చిప్పలనూ చూశాను గాని, వాటిని పచ్చిగా తినడం మాత్రం ఎన్నడూ చూడలేదు. ధర తగ్గించి అమ్మే పచ్చి సరుకును నమ్మవచ్చునా? మద్యం ముట్టని మాలాంటివాళ్లు అక్కడ కూర్చోవచ్చునా? మా వారికి మధుమేహం ఉంది కాబట్టి ఆ సంగతి కూడా చెప్పగలరు.

జవాబు – సీతమ్మధార వాసి

అమ్మా, నేను న్యూయార్కులో చాలాకాలం ఉద్యోగం చేసి తిరిగి వచ్చినవాణ్ని. మీరు తప్పకుండా వెళ్లండి. ఆ నగరంలో నాకు నేటికీ బెంగగా ఉండేది ఆ సాయంత్రపు వేళ మీదనే.

ధర తగ్గించారంటే సరుకు పాతబడిందేమోనని అనుమానించడం సహజం. కానీ ఆయిస్టరు వంటింటికి ప్రాణంతోనే వస్తుంది, చల్లగా ఉంచినా కొద్ది రోజులే బతుకుతుంది, చచ్చినదాన్ని పచ్చిగా వడ్డించకూడదు. మధ్యాహ్న భోజనాలు ముగిసి రాత్రి భోజనాలు మొదలయ్యేలోపు కుర్చీలు ఖాళీగా పడి ఉంటాయి. ఆ వేళలో ధర తగ్గిస్తే జనం వస్తారు, జనం వస్తే నిల్వ కదులుతుంది, నిల్వ కదిలితే కొత్త సంచి వస్తుంది. అందుచేత ధర కన్నా రద్దీని చూసుకోండి. నాలుగున్నరకే నిండిపోయే చోట నిశ్చింతగా కూర్చోండి. బోర్డు పెట్టినా మనిషి అలికిడి లేని చోట మంచినీళ్లు తాగి లేచి రండి. ప్రతి సంచికీ అందులోని సరుకును ఏ నీటిలో ఏ తేదీన తీశారో తెలిపే చీటీ ఉంటుంది, దాన్ని రెస్టారెంటువారు 90 రోజులు భద్రపరచాలన్నది నియమం. కాబట్టి ఇవి ఎక్కడివని అడగడానికి మొహమాటపడవద్దు.

మన్‌హటన్ చుట్టూ ఉన్న ఉప్పునీటిలో ఒకప్పుడు ఇవి విస్తారంగా ఉండేవి. పంతొమ్మిదో శతాబ్దంలో వీధి బళ్ల దగ్గర నిలబడి కష్టజీవులు తిన్న తిండి ఇది. మురుగుతో నీరు పాడై, 1927 నాటికి ఆ హార్బరులో తినడానికి ఆయిస్టర్లు తీయడం ఆగిపోయింది. ఇప్పుడు పళ్లెంలోకి వచ్చేవి లాంగ్ ఐలండ్, మసాచుసెట్స్, కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి, పసిఫిక్ తీరం వంటి చోట్ల పెంచినవి. 2014లో మొదలైన బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్ట్ వారు, రెస్టారెంట్లలో తినగా మిగిలిన చిప్పలను పోగుచేసి, బయట చాలా నెలలు ఆరబెట్టి, వాటికి పిల్ల ఆయిస్టర్లు అంటుకునేలా చేసి తిరిగి హార్బరులోకి దింపుతున్నారు. 2035 నాటికి వంద కోట్ల ఆయిస్టర్లను నిలబెట్టాలన్నది వారి సంకల్పం. వాటిని ఎవరూ తినరు, అవి నీటిని వడకట్టడానికే. మన హార్బరు నీళ్లను చూస్తూ బతికేవాళ్లకు ఆ పని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఇక తినడం గురించి. దంచిన మంచు మీద సగం చిప్పలో ఉంచి తెస్తారు. చిన్న ఫోర్కుతో అడుగు నుంచి కదపండి. చిప్ప విప్పినవాడు చేయి తిరిగినవాడైతే అడ్డు లేకుండా జారుతుంది. చిప్పలోని నీటిని పారబోయకండి, రుచి సగం అందులోనే ఉంది. మొదటిదాన్ని ఏమీ కలపకుండా నోట్లో వేసుకుని, గుటుక్కున మింగకుండా రెండు మూడుసార్లు నమలండి. ముందు సముద్రపు ఉప్పు, ఆ వెనకే సన్నగా తీపి తెలుస్తాయి. రెండోదానికి నిమ్మరసం, మూడోదానికి మిన్యోనెట్ వేసుకోండి. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు, మిరియాలు, వెనిగర్ కలిపి చేసే పులుపు అది. అట్లాంటిక్ తీరానివి ఉప్పగా ఉంటాయి. పసిఫిక్ తీరంలో పెరిగే కుమామోటో రకం చిన్నది, తియ్యగా ఉంటుంది, మీకు ముందు అదే నచ్చుతుందని నా నమ్మకం.

ఒకప్పుడు ఒక్కోటి డాలరుకే దొరికేది, ఇప్పుడు చాలాచోట్ల అంతకు మించే ఉంటుంది. దానిపైన 8.875 శాతం అమ్మకపు పన్ను, మరో 18–20 శాతం టిప్పు కలుస్తాయి. టిప్పును తగ్గించిన ధర మీద కాకుండా అసలు ధర మీద లెక్కకట్టండి, ఎందుకంటే విప్పేవాడి కష్టంలో తగ్గింపు ఉండదు. కొన్నిచోట్ల పానీయం కొంటేనే ఈ ధర వర్తిస్తుంది కనుక, మద్యం లేనిది తీసుకుంటే సరిపోతుందా అని కూర్చునే ముందే అడగండి. బోస్టన్ వెళ్లే వీలుంటే ఇంకా మంచిది. మసాచుసెట్స్‌లో మద్యానికి హ్యాపీ అవర్ తగ్గింపులను 1984లోనే నిషేధించారు, అందువల్ల అక్కడ తగ్గింపు తిండి మీదనే ఇస్తారు.

జవాబు – మహారాణిపేట డాక్టరు

పైవారు రుచి గురించి రాసినదంతా చదివి సంతోషించాను, కానీ అమ్మగారు చివర అడిగిన మాటే నా దృష్టిలో ముఖ్యం. మీ వారు పచ్చి ఆయిస్టర్లు తినకూడదు. వేడెక్కిన సముద్రపు నీటిలో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆయిస్టరు నీటిని వడకట్టుకుని బతికే ప్రాణి కాబట్టి ఆ క్రిములు దాని ఒంట్లో పోగవుతాయి. ఆరోగ్యవంతుల్లో ఈ జబ్బు అరుదు. కాలేయ వ్యాధి, మధుమేహం, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు ఉన్నవారిలో మాత్రం రక్తానికి పాకి ప్రాణం మీదకు తెస్తుంది. సోకినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరు మరణిస్తారు. నిమ్మరసం, కారపు సాసు, మద్యం దాన్ని చంపవు. వాసనలోగాని రంగులోగాని తేడా తెలియదు. బాగా ఉడికిస్తేనే చస్తుంది.

అయితే ఆయన పక్కన ఊరికే కూర్చోనవసరం లేదు. వేయించినవి, పాలూ వెన్నా వేసి కాచే ఆయిస్టర్ స్ట్యూ చాలాచోట్ల దొరుకుతాయి. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కింది అంతస్తులో 1913 నుంచి నడుస్తున్న ఆయిస్టర్ బార్‌లో అటువంటి వంటకాలకు ప్రత్యేక పేరు ఉంది. పలకలతో కట్టిన ఆ కమాను కప్పు కింద వేడి గిన్నెతో కూర్చుంటే ఆయనకూ లోటేమీ తెలియదు.

జవాబు – చినవాల్తేరు అత్తయ్య

వదినా, మా అమ్మాయి క్వీన్స్‌లోనే ఉంటుంది, నేను వెళ్లి వస్తుంటాను. గ్రాండ్ సెంట్రల్ చూడవలసిన చోటే, కాదనను. అయినా ‘రోజూ తినేవి’ అని అడిగారు కదా, అవి కాలిబాట మీద, కమ్యూనిటీ వంటగదుల్లో ఉంటాయి. ఫ్లషింగ్‌లోని గణేశ ఆలయం క్యాంటీనులో దోశ తినండి. దేశం మీద బెంగ తీరడానికి మాత్రమే చెప్పడం లేదు, ఆ దోశ నిజంగా బాగుంటుంది. జాక్సన్ హైట్స్‌లో టిబెటువాళ్ల మోమోలు, వీధి మూలన హలాల్ బండి మీద కోడిమాంసం, పసుపు రంగు అన్నం, కాగితం పళ్లెంలో మడిచి నడుస్తూ తినే పిజ్జా ముక్క, పొద్దున్నే వేడి బేగెల్ (గారెలా నడుమ చిల్లున్న రొట్టె). వీటిలో ఏదీ జేబుకు బరువు కాదు. ఆర్‌కే బీచ్‌లో మురీ మిక్చర్ వాడు ఉల్లిపాయలు, నిమ్మకాయ వేసి డబ్బాలో గలగలా కలిపి పొట్లం కట్టే వేగమే మంచి బండికి గుర్తు. అక్కడా బండి ముందు వరస కదులుతోందో లేదో చూసి నిలబడండి.

భీమిలి ఆడపడుచు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆయనకు వేయించినవే పెట్టిస్తాను. ఇంకొక్క మాట: అలవాటు చేసుకోవడానికి వెళ్లే ముందు భీమిలి ఆల్చిప్పలను నేను పచ్చిగా ఒకటి రుచి చూడవచ్చునా?

మహారాణిపేట డాక్టరు

వద్దమ్మా. న్యూయార్కులో పచ్చిగా తినగలుగుతున్నారంటే, పెంచే నీటిని తరచూ పరీక్షించి, పాడైన వెంటనే ఆ చోటును మూసేసే ఏర్పాటు ఉంది కనుక. తీసినది మొదలు పళ్లెం దాకా చల్లగానే ఉంచుతారు కనుక. మన తీరంలో పచ్చిగా అమ్మే చిప్పలకు ఆ ఏర్పాటు లేదు, పైగా మన నీరు ఏడాది పొడుగునా వెచ్చనిదే. ఇక్కడివి కావాలంటే చిప్ప విచ్చుకున్నాక మరో ఐదు నిమిషాలు మరగనిచ్చి, ఆపైన అల్లం వెల్లుల్లి మసాలాతో వేపుడు చేసుకోండి.

సీతమ్మధార వాసి

డాక్టరుగారి మాటే ఖాయం. ఆయిస్టరుకు బదులు ఫిషింగ్ హార్బరుకు ఒక తెల్లవారుజామున వెళ్లి రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం ముగిసి, ఆగస్టు నాటికి పడవలు జోరుగా తిరుగుతుంటాయి. వేలంపాటలో ఏ బుట్ట ముందు ఖాళీ అవుతోందో గమనించండి. న్యూయార్కులో బల్ల ఎంచుకునేటప్పుడు మీకు కావలసింది ఆ చూపే. మొదటిసారి వారం మధ్యలో, నాలుగున్నరకు వెళ్లి, ఆరు మాత్రమే చెప్పండి. మూడు అట్లాంటిక్‌వి, మూడు పసిఫిక్‌వి.