సప్లయర్ మెయిల్ నుంచే దొంగ అకౌంట్ నంబర్ వచ్చింది, 6,80,400 వేసేశాను. ఇలా జరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి

గుంటూరు_లెక్కలు

నమస్తే అండీ. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఆఫీసులో తొమ్మిదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, గోనె సంచులు విజయవాడ వన్‌టౌన్‌లో ఒకాయన దగ్గరే తెప్పిస్తాం. మా ఓనర్ గారికీ ఆయనకీ 16 ఏళ్ల వ్యవహారం. నేను ఆయన్ని బాబాయి గారనే పిలుస్తాను.

పోయిన శుక్రవారం బిల్లు వచ్చింది. 12,000 సంచులు, సంచి 54 రూపాయలు, 5 శాతం జీఎస్టీ కలిపి 6,80,400. ఇరవై నిమిషాల తర్వాత అదే మెయిల్ కింద ఇంకో మెయిల్ వచ్చింది. పాత అకౌంట్ ఆడిట్‌లో ఉంది, ఈ బిల్లులో ఉన్న కొత్త అకౌంట్‌కి వెయ్యండి అని. మెయిల్ ఐడీ ఆయనదే. బిల్లు మీద లెటర్‌హెడ్, ముద్ర, సంతకం అన్నీ ఆయనవే. కొత్త బెనిఫిషియరీని నేను యాడ్ చేశాను, ఓనర్ గారు ఓటీపీ చెప్పారు, మధ్యాహ్నం 3.40కి ఆర్‌టీజీఎస్ అయిపోయింది.

ఇవాళ మంగళవారం పొద్దున బాబాయి గారు ఫోన్ చేసి "ఏంటమ్మాయ్, డబ్బులు ఇంకా పడలేదు" అన్నారు. నాకు చేతులు చల్లబడ్డాయి. ఆయన ఆ రెండో మెయిల్ పంపనే లేదట. మా ఓనర్ గారికి ఆయన మీద అనుమానం, ఆయనకి మా ఆఫీసు మీద అనుమానం. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే తట్టుకోలేకపోతున్నాను. ముందు ఏం చెయ్యాలి?

ఆటోనగర్_స్పేర్స్

అమ్మా, మిగతావి తర్వాత చదువు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. లైన్ దొరక్కపోతే మళ్లీ మళ్లీ చెయ్యి. ఆఫీసులో ఇంకొకళ్లని సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లయింట్ పెట్టమను, మీ ఓనర్ గారిని బ్యాంకుకి పంపు. మూడూ ఒకేసారి జరగాలి. యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ నంబరు), డబ్బు వెళ్లిన అకౌంట్, ఐఎఫ్‌ఎస్‌సీ, తేదీ, టైము, మొత్తం ఒక కాగితం మీద రాసి పెట్టుకుని మాట్లాడు.

రెండేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది. 3,12,000. బేరింగులు పంపే కంపెనీ పేరుతో మెయిల్ వచ్చింది. నేను ముందు బ్యాంకుకి పరిగెత్తాను. అక్కడ లెటర్ రాయమన్నారు, సీల్ తెమ్మన్నారు, గంటన్నర పోయింది. 1930 వాళ్లకి చెప్తే వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించగానే డబ్బు వెళ్లిన బ్యాంకుకి కబురు వెళ్తుంది. అక్కడి నుంచి ఇంకో అకౌంట్‌కి పోయుంటే ఆ బ్యాంకుకీ వెళ్తుంది. ఎక్కడ మిగిలుంటే అక్కడ హోల్డ్ పెడతారు. నాకు లక్షా తొంభై వేలు అలా ఆగాయి. ఆ గంటన్నర పోకపోతే ఇంకా ఆగేవి.

గుంటూరు_లెక్కలు

చేశానండీ. నాలుగోసారికి దొరికింది. కంప్లయింట్ నంబరుతో మెసేజ్ వచ్చింది. ఓనర్ గారు బ్యాంకులో ఉన్నారు.

బ్యాంకు_రిటైర్డ్

33 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. ఒక విషయం చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఆర్‌టీజీఎస్ అయినా ఎన్‌ఈఎఫ్‌టీ అయినా డబ్బు జమయ్యేది అకౌంట్ నంబరు చూసే. పేరు చూసి కాదు. మీరు బెనిఫిషియరీ పేరు దగ్గర సప్లయర్ పేరు టైపు చేసినా, ఆ నంబరు ఎవరిదైతే వాళ్లకే పడుతుంది. అందుకే రిజర్వ్ బ్యాంకు 2024 డిసెంబరు 30న సర్క్యులర్ ఇచ్చింది. 2025 ఏప్రిల్ 1 లోపు బ్యాంకులన్నీ నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కొట్టగానే అసలు ఖాతాదారు పేరు చూపించే సౌకర్యం పెట్టాలని, దానికి చార్జీ తీసుకోకూడదని. నెట్ బ్యాంకింగ్‌లో ఆ పేరు కనిపిస్తుంది. తొందరలో ఎవరూ చదవరు.

ఐఎఫ్‌ఎస్‌సీ కూడా చూడండి. పదకొండు అక్షరాల్లో మొదటి నాలుగు బ్యాంకు, ఐదోది సున్నా, చివరి ఆరు బ్రాంచి. వన్‌టౌన్ వ్యాపారికి ఎక్కడో రాష్ట్రం అవతల బ్రాంచిలో కరెంట్ అకౌంట్ ఎందుకుంటుంది?

గుంటూరు_లెక్కలు

ఇప్పుడు చూశాను సార్. బ్రాంచి వేరే రాష్ట్రంలోనే ఉంది. అప్పుడు చూడలేదు.

రెండు బిల్లులూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. అసలు బిల్లులో అకౌంట్ నంబరు ఒకే వరసగా ఉంటుంది. దొంగ బిల్లులో నాలుగేసి అంకెల తర్వాత ఖాళీ ఉంది. పైగా ఆ ఒక్క లైను అక్షరాలు పక్క లైన్ల కంటే కొంచెం సన్నగా ఉన్నాయి. మిగతా కాగితమంతా ఆయనదే. కంప్యూటర్ మీద ఈ తేడా నాకు కనపడలేదు.

సిస్టమ్స్_గవర్నర్‌పేట

మేడమ్, మీరూ ఆయనా ఒకర్నొకరు అనుమానించుకునే ముందు ఎవరి మెయిల్‌లో దొంగ కూర్చున్నాడో తేల్చుకోండి. నేను షాపులకి కంప్యూటర్ పని చేస్తుంటాను, ఇలాంటివి కొన్ని చూశాను.

ఆ మెయిల్‌ని డిలీట్ చెయ్యొద్దు, ఫార్వర్డ్ కూడా చెయ్యొద్దు. ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్, అంటే మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో చూపే వివరాలు, పోతుంది. జీమెయిల్ అయితే పక్కన మూడు చుక్కలు నొక్కితే "షో ఒరిజినల్" ఉంటుంది, అక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. అందులో మెయిల్ నిజంగా ఆయన అకౌంట్ నుంచే వచ్చిందా, లేక అలాగే కనిపించే వేరే ఐడీ నుంచా అన్నది తెలుస్తుంది. ఇంగ్లిష్ ఎం అక్షరం బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే చిన్న అక్షరాల్లో మన కంటికి ఎం లాగే ఉంటుంది. రిప్లై ఎవరికి వెళ్తుందో కూడా అక్కడ కనపడుతుంది.

తర్వాత ఇద్దరి మెయిళ్లలోనూ సెట్టింగ్స్‌కి వెళ్లి ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూడండి. ముఖ్యం ఇదే. పాస్‌వర్డ్ దొరికినవాడు వెంటనే ఏమీ చెయ్యడు. ఒక ఫిల్టర్ పెట్టుకుని వారాల తరబడి చదువుతూ కూర్చుంటాడు. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి, బిల్లు ఎప్పుడు వస్తుంది, మీరు ఎలా పలకరించుకుంటారు, అన్నీ చూస్తాడు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫార్వర్డింగ్ తీసెయ్యకపోతే మెయిళ్లు వాడికి వెళ్తూనే ఉంటాయి.

గుంటూరు_లెక్కలు

నిన్న మా ఆఫీసు సిస్టమ్స్ అబ్బాయిని తీసుకుని బాబాయి గారి షాపుకి వెళ్లాను. మా మెయిల్‌లో ఏమీ లేదు. ఆయన దాంట్లో దొరికింది.

షాపు వెనక సంచుల కట్టల మధ్య ఒక టేబుల్, దాని మీద పాత కంప్యూటర్. మూడు వారాల కిందట "పర్చేజ్ ఆర్డర్" అని ఒక మెయిల్ వచ్చిందట. లింకు నొక్కితే లాగిన్ అడిగింది, ఆయన పాస్‌వర్డ్ కొట్టారు. ఏమీ తెరుచుకోకపోతే ఊరుకున్నారు. ఫిల్టర్లలో మా ఆఫీసు ఐడీ ఉంది. మేం పంపే ఏ మెయిలైనా ఇన్‌బాక్స్‌లో కనపడకుండా, చదివినట్టు మార్క్ అయ్యి, ఒక పక్క ఫోల్డర్‌లోకి పోయేలా పెట్టారు.

ఆ ఫోల్డర్ తెరిస్తే నా మెయిల్ ఉంది. ఈ సంగతి మొదట రాయడానికి మనసు రాలేదు, ఇప్పుడు రాస్తున్నాను. డబ్బు వేసే ముందు నేను అడిగాను. "బాబాయి గారూ, అకౌంట్ మారింది అన్నారు, కరెక్టేనా?" అని మెయిల్‌లో అడిగాను. పది నిమిషాల్లో "అవునమ్మా, అదే" అని జవాబు వచ్చింది. ఆ అవునమ్మా చూసే వేశాను. ఆయన నన్ను అలాగే పిలుస్తారు.

బాబాయి గారు కళ్లజోడు పెట్టుకుని నా మెయిల్ చదివారు. కింద ఆయన పేరుతో ఉన్న జవాబు చదివారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా ఓనర్ గారికి ఆయనే ఫోన్ చేశారు.

మిర్చి_ఎగుమతి

అక్కా, మీరు అడిగారు. ఆ మాట మీ ఓనర్ గారికి కూడా చెప్పండి. మెయిల్‌లో వచ్చినదాన్ని మెయిల్‌లో అడిగితే దొంగనే అడిగినట్టు. కానీ అది జరిగాకే తెలుస్తుంది.

మాది విదేశీ కేసు. మలేషియా కొనుగోలుదారుకి తేజ రకం మిర్చి ఒక కంటెయినర్ పంపాం. హ్యాక్ అయింది మా మెయిలే. మా పేరుతో వాళ్లకి వేరే దేశంలో ఉన్న బ్యాంకు అకౌంట్ పంపారు, వాళ్లు వేసేశారు. డబ్బు వేశామని స్విఫ్ట్ కాపీ (విదేశీ బదిలీకి బ్యాంకు ఇచ్చే రసీదు) పంపితే అందులో బెనిఫిషియరీ దగ్గర మా పేరు ఉంది, బ్యాంకు మాది కాదు. అప్పుడు తెలిసింది. వెంటనే డబ్బు వెనక్కి పంపమని వాళ్ల బ్యాంకు చేత రీకాల్ పెట్టించాం. అక్కడి బ్యాంకు ఒప్పుకోవాలి, అప్పటికి డబ్బు మిగిలి ఉండాలి. మాకు రెండూ జరగలేదు.

సరుకు పోర్టులో దిగింది. సరుకు విడిపించుకోవడానికి కావలసిన కాగితం, ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్, మా దగ్గర ఉంది. వాళ్లు డబ్బు వేశాం, కాగితాలు ఇవ్వండి అంటారు. మాకు రాలేదు, ఎలా ఇస్తాం? రోజూ పోర్టులో చార్జీ పెరుగుతోంది. ఇక్కడ మా బ్యాంకులో ఆ షిప్పింగ్ బిల్లు డబ్బు రానట్టు, ఎగుమతుల డబ్బు వచ్చిందో లేదో చూసే రిజర్వ్ బ్యాంకు సిస్టమ్ ఈడీపీఎంఎస్‌లో తెరిచే ఉంది. చివరికి సగం సగం భరించాం. వాళ్లు మళ్లీ మా దగ్గర కొనలేదు. పోయిన డబ్బు కంటే నాకు అదే ఎక్కువ బాధ.

ఇది మన యార్డు చుట్టూ ఉన్న చిన్న ఆఫీసులకే జరిగేది కాదు. 2013 నుంచి 2015 దాకా లిథువేనియాకి చెందిన ఒకడు క్వాంటా కంప్యూటర్ అనే సప్లయర్ పేరుతో దొంగ ఇన్‌వాయిస్‌లు పంపి గూగుల్, ఫేస్‌బుక్‌ల చేత పది కోట్ల డాలర్ల పైన వేయించుకున్నాడు. 2019లో అమెరికా కోర్టు ఐదేళ్ల జైలు వేసింది. అంతంత అకౌంట్స్ డిపార్ట్‌మెంట్లు ఉన్న కంపెనీలే వేశాయి. మీరు మిమ్మల్ని తప్పు పట్టుకోవడం ఆపండి.

ఆటోనగర్_స్పేర్స్

నా లెక్క ప్రకారం మెయిల్ ఎవరిది పోయిందో నష్టం వాళ్లదే. సంచులాయన పాస్‌వర్డ్ ఇచ్చేశారు. మీ ఆఫీసు మళ్లీ 6,80,400 ఎందుకు కట్టాలి?

సీఏ_బ్రాడీపేట

అంత సులువు కాదండీ. సరుకు అందింది, అమ్మినవాడికి డబ్బు అందలేదు. కాబట్టి ఆయన పుస్తకాల్లో బాకీ అలాగే ఉంటుంది. వేరేవాడి అకౌంట్‌కి వేసినంత మాత్రాన బాకీ తీరిందని ఆయన ఒప్పుకోనక్కరలేదు. అటువైపు ఆయన అజాగ్రత్త వల్లే ఇది జరిగిందని మీరూ వాదించవచ్చు. కోర్టుకి వెళ్తే ఏళ్లు పడుతుంది. నేను చూసినవాటిలో నిలబడిన వ్యాపారాలన్నీ కూర్చుని మాట్లాడుకున్నవే. ఏ ఒప్పందానికి వచ్చినా కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి.

అకౌంట్స్ చూసేవాళ్లు మర్చిపోయేది ఇంకొకటి ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కి డబ్బు చెల్లించకపోతే, తీసుకున్న ఐటీసీని (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి తీసుకునే క్రెడిట్‌ని) రివర్స్ చెయ్యాలి. సీజీఎస్టీ చట్టం 16(2) కింద. మీ కేసులో అది 32,400. కాబట్టి దొంగకి వెళ్లిన ఎంట్రీని సప్లయర్ ఖాతాలో పేమెంట్‌గా ఉంచొద్దు, విడిగా రావలసిన సొమ్ము కింద చూపించండి. ఆ 180 రోజుల లోపు సప్లయర్ సంగతి తేల్చుకోండి.

పోలీసులకి ఇచ్చే ఫిర్యాదులో ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్లు వస్తాయి. మెయిల్ ప్రింట్లు ఒక్కటే చాలవు. ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ జతచెయ్యాలి. డబ్బు హోల్డ్‌లో ఉందన్నంత మాత్రాన మీకు రాదు, విడుదలకి కోర్టులో పిటిషన్ వెయ్యాలి.

గొల్లపూడి_హోల్‌సేల్

మేం బిల్లు అడుగున పెద్ద అక్షరాలతో వేయించాం. "మా బ్యాంకు అకౌంట్ మారదు. మారిందని మెయిల్ వస్తే నమ్మవద్దు" అని.

సిస్టమ్స్_గవర్నర్‌పేట

మంచిదే, కానీ బిల్లులో నంబరు మార్చగలిగినవాడు ఆ లైను కూడా తీసెయ్యగలడు. బిల్లు మీద ఉన్న ఫోన్ నంబరు కూడా మార్చగలడు, మీరు ఫోన్ చేస్తే వాడే ఎత్తుతాడు. మీ ఫోన్‌లో ముందునుంచీ సేవ్ అయి ఉన్న నంబరుకే చెయ్యండి. మెయిల్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ ఇవాళే పెట్టుకోండి. పాస్‌వర్డ్ మార్చాక అన్ని పరికరాల నుంచీ సైనవుట్ చేయించండి.

గుంటూరు_లెక్కలు

అయిదు వారాల తర్వాత రాస్తున్నాను. శుక్రవారం సాయంత్రానికే డబ్బు మూడు అకౌంట్లకి వెళ్లిపోయిందట. అందులో ఒకదాంట్లో 2,15,000 హోల్డ్ అయింది. మిగతాది ఏటీఎంలలో తీసేశారు. ఎఫ్ఐఆర్ అయింది.

మా ఓనర్ గారు, బాబాయి గారు కూర్చుని మాట్లాడుకున్నారు. హోల్డ్‌లో ఉన్నది వస్తే మాకే. మిగిలిన 4,65,400లో చెరిసగం, ఒక్కొక్కరికి 2,32,700. ఇద్దరూ కాగితం మీద సంతకాలు పెట్టారు. మెయిల్‌లో నేను అడిగిన సంగతి ఓనర్ గారికి ప్రింట్ తీసి చూపించాను. చదివి, ఇకనుంచి కొత్త బెనిఫిషియరీ ఎవరైనా సరే, నువ్వు ఫోన్ చేసి మాట్లాడాను అని చెప్పే దాకా నేను ఓటీపీ చెప్పను అన్నారు.

మొన్న కొత్త లోడు వచ్చింది. బిల్లు పంపాక బాబాయి గారే ఫోన్ చేసి, అకౌంట్ నంబరు చివరి నాలుగు అంకెలు నా చేత చదివించుకున్నారు.

2,15,000 విడుదలకి పిటిషన్ వెయ్యాలి. ఎవరైనా వేసి ఉంటే ఎన్నాళ్లు పట్టిందో చెప్పండి.

ఆటోనగర్_స్పేర్స్

నాకు నాలుగు నెలలు పట్టిందమ్మా. రెండు వాయిదాలు పోలీసుల రిపోర్టు రాకే పోయాయి. పిటిషన్ వేసే ముందే స్టేషన్‌కి వెళ్లి దర్యాప్తు అధికారిని కలువు. ఏ బ్యాంకులో, ఏ అకౌంట్‌లో, ఎంత హోల్డ్ ఉందో రాతపూర్వకంగా తీసుకుని జతచెయ్యి. హోల్డ్ పెట్టిన బ్యాంకు పూర్తి అడ్రసు, బ్రాంచి పేరు పిటిషన్‌లో తప్పు లేకుండా ఉండాలి. నాది అక్కడే ఒకసారి వెనక్కి వచ్చింది.